మన లాప్‌టాప్‌లో దొంగ విండోస్ ఎందుకు? లినక్స్ గురించి మన పిలకాయలతో నాలుగు మాటలు

పోస్టు పొడుగ్గా ఉంటాది, తీరిగ్గా చదవండి.

డిగ్రీలో, బీటెక్‌లో కొత్తగా చేరిన వాళ్లు గ్రూపులో రోజూ ఒకటే అడుగుతా ఉన్నారు. "అన్నా, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఏది తీసుకోవాల? విండోస్ 10 ఉండేది తీసుకోవచ్చా?" అని. జవాబులు కూడా ఒకే మాదిరి. "తీసుకో, అంగట్లో వాడే 11 ఎక్కించి ఇస్తాడు" అంటారు. ఎవరన్నా ఒకరు "లినక్స్ వేస్కో" అంటే చాలు, "అది సాఫ్ట్‌వేర్ వాళ్లకి, మనోళ్లకి ఎందుకబ్బా" అని ఇంకొకరు వచ్చేస్తారు. ఆ ఆఖరి మాట చూసే ఇదంతా రాస్తా ఉండాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన సొంత మిషన్‌లో లినక్స్ ఉండాల. విండోస్ పనిని విండోస్ ఉండే చోట నేర్చుకోవాల.

ముందు దుడ్ల సంగతి. మనలో ఎక్కువమంది లాప్‌టాప్ కొనేది స్కాలర్‌షిప్ పడినాకనో, అమ్మానాయన టమోటా కోతకు, చెరుకు నరికే పనికి పొయ్యి కూడబెట్టిన దాంతోనో. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వాళ్లు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కి పోతారు. కుప్పం, మదనపల్లె వైపు వాళ్లకి బెంగుళూరు ఎస్పీ రోడ్డు దగ్గర. అక్కడ దొరికేవి చాలావరకు కంపెనీలు వాడి అమ్మేసిన లాప్‌టాప్‌లు. బాడీ గట్టిగా ఉంటాది, కీబోర్డు బాగుంటాది, ఇంకో నాలుగైదేళ్లు ఢోకా ఉండదు. మరి అంత మంచివి అంత చవగ్గా ఎందుకు ఇస్తా ఉన్నారు?

కారణం ఉంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. అంటే మిషన్ ఆగిపోదు, కానీ కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకు రిపేరు రాదు. మామూలు వాడకందారులకి 2026 అక్టోబర్ 13 దాకా ఒక్క ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే. ఇక విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాల, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాల, ప్రాసెసర్ కంపెనీ ఒప్పుకున్న లిస్టులో ఉండాల. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే, అంటే 2017 తర్వాత వచ్చినవే. 6వ, 7వ జనరేషన్ ఐ5 లాప్‌టాప్ ఎంత బాగా పని చేస్తా ఉన్నా ఆ లిస్టు ప్రకారం అది పనికిరానిది. చెడిపోయి కాదు, కాగితం మీద చచ్చిపోయింది. కంపెనీలు అమ్మేస్తాయి, అంగడికి వస్తాది, మన చేతికి వస్తాది.

అంగట్లో దానికి ఏం చేస్తారు? ఆ తనిఖీని దాటేసే తొవ్వలు ఉన్నాయి, విండోస్ 11 ఎక్కించేస్తారు. దాంతో పాటు క్రాక్ చేసిన ఆఫీసు, క్రాక్ చేసిన ఫోటోషాప్, లైసెన్సును ఏమార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి. ఆ చిన్న ప్రోగ్రామ్ పని చేసేదానికి ముందు యాంటీవైరస్‌ను ఆపమంటాది. ఆలోచించండి. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌ని, తలుపు తీసిపెట్టి మరీ లోపలికి పిలుస్తా ఉన్నాం. అదే మిషన్‌లో మన ఆధార్, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్, జ్ఞానభూమి లాగిన్, అమ్మ ఫోన్‌కి వచ్చే ఓటీపీలు అన్నీ ఉంటాయి. క్రాక్ చేసిన ప్రతిదాంట్లో వైరస్ ఉంటాదని నేను చెప్పను. ఉందో లేదో చూసుకునే దారి మనకు లేదు, అదీ సమస్య.

ఇది ఒకెత్తు. నన్ను ఎక్కువ కుట్టేది ఇంకొకటి ఉంది.

నేను ఎరుకల ఇంట్లో పుట్టినోణ్ణి. మన గ్రూపులో యానాది, సుగాలి, నక్కల పిలకాయలు ఉన్నారు, వాళ్ల వాళ్ల కథలు వాళ్లకు ఉన్నాయి. మాది చెప్తా. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911 తర్వాత మద్రాసు రాజధానిలో కూడా అమలు చేశారు. ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలని రాసేసి, వేలిముద్రలు తీసుకుని, పోలీసుల ముందు హాజరు వేయించుకున్నారు. స్టువర్టుపురం, కావలి సెటిల్‌మెంట్ల పేర్లు మీకు తెలుసు. 1952లో ఆ చట్టం దేశమంతా పోయింది. చట్టం పోయినంత తొందరగా ఆ పేరు పోలేదని మన అవ్వాతాతలని అడగాల్సిన పని లేదు, మనకే తెలుసు.

అట్లాంటి ఇంట్లో నుంచి మొదటిసారి లాప్‌టాప్ పట్టుకున్న పిల్లోడికి మనం ఇచ్చేది ఏంది? దొంగ కాపీ. పైగా "ఏం పర్లేదు, అందరూ వాడతారు" అనే మాట. నిజమే, అందరూ వాడతారు. పెద్ద కులాల పిల్లోడు వాడితే అది తెలివి. రేపు ఏదైనా చిన్న కంపెనీలో మనోడి లాప్‌టాప్‌లో అదే దొరికితే ఏమంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

లినక్స్‌లో ఆ తలనొప్పే లేదు. కాపీ చేసుకోవడం అక్కడ హక్కు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ గ్నూ అని ఒక పని మొదలుపెట్టాడు. ఎవరైనా వాడొచ్చు, లోపల ఎట్లా రాశారో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కోడికి ఇవ్వొచ్చు, ఇదీ దాని షరతు. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకునే లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటర్ కోసం కెర్నల్ రాసి బయటపెట్టాడు. మరుసటేడు దాన్ని కూడా గ్నూ లైసెన్సు కిందికే తెచ్చాడు. ఆ రెండూ కలిసిందే ఇప్పుడు మనం లినక్స్ అని పిలిచేది. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హాస్టల్‌లో నలభై మందికి ఎక్కించినా ఎవరూ దొంగ అనరు. నలభై మందికి ఎక్కించమనే వాళ్ల కోరిక.

మా అవ్వ ఈత బరిగెలతో గంపలు అల్లేది. ఆ అల్లిక అందరికీ కనపడేది. పక్కింటి పిల్ల కూర్చుని చూసి నేర్చుకునేది, విరిగితే ఇంట్లోనే ఒక బరిగె మార్చుకునే వాళ్లు. ప్లాస్టిక్ బుట్ట విరిగితే పారేయాల్సిందే. ఉబుంటు, మింట్ అనే పేర్లు విని బెదిరిపోయే వాళ్లకి నేను చెప్పేది ఇంతే, ఇది గంప మాదిరి వ్యవహారం.

"మనోళ్లకి ఎందుకు" అనే అన్నకు ఇంకో మాట. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో సర్కారు బడుల 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు, గుర్తుందా? అవి ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు. ఆండ్రాయిడ్ అడుగున ఉండేది లినక్స్ కెర్నలే. నీ జేబులో ఫోన్ కూడా అంతే. ప్రపంచంలో అతిపెద్ద 500 సూపర్ కంప్యూటర్ల లిస్టు ఉంటాది, 2017 నవంబర్ నుంచి అందులో 500కి 500 లినక్స్ మీదే నడుస్తా ఉన్నాయి. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో అదే కుర్చీలో కూర్చున్న మన తెలుగాయన సత్య నాదెళ్ల లినక్స్ అంటే మాకు ప్రేమ అని స్టేజి మీద చెప్పాడు. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు చేశారు. వాళ్లే వాడుకుంటా ఉంటే మనకెందుకు అంటావేంది అన్నా?

ఇప్పుడు రోజువారీ సంగతులకి వస్తా. లినక్స్ వాళ్లు చెప్పే గొప్పలన్నీ నేను నమ్మను, విండోస్ వాళ్లు పెట్టే భయాలు కూడా నమ్మను.

జిరాక్స్ అంగడి పెన్‌డ్రైవ్ కథ అందరికీ అనుభవమే. యూనివర్సిటీ ముందర, కాలేజీ గేట్ల కాడ రోజుకి వందమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటర్ ఉంటాది. రికార్డు ప్రింట్ తీసుకుని రూముకొస్తే ఫైళ్లన్నీ మాయం, అన్నీ షార్ట్‌కట్లు. ప్రాజెక్టు పోయిందని ఏడ్చే పిల్లల్ని చూశాం. ఫైళ్లు పోవు, ఆ వైరస్ వాటిని దాచిపెడతాది, అంతే. అదే పెన్‌డ్రైవ్‌ని లినక్స్‌లో పెట్టి, ఫోల్డర్ తెరిచి కంట్రోల్ హెచ్ నొక్కితే దాచినవన్నీ కనపడతాయి. మన ఫైళ్లు తీసుకుని మిగతావి చెరిపేయొచ్చు. విండోస్ కోసం రాసిన ఆ వైరస్‌కి లినక్స్‌లో కాలు చెయ్యి ఆడదు. హాస్టల్లో ఒక్క లినక్స్ మిషన్ ఉంటే చాలు, ఫ్లోరు మొత్తం పెన్‌డ్రైవ్‌లకి అదే ఆసుపత్రి.

ఇంటర్నెట్ సంగతి. మనకు ఉండేది ఫోన్ హాట్‌స్పాట్. రోజుకి 1.5 జీబీ, 2 జీబీ. విండోస్ అప్‌డేట్ తనంతట తానే మొదలైతే సాయంత్రం ఆన్‌లైన్ క్లాసుకి డేటా మిగలదు. మీటర్డ్ కనెక్షన్ అని సెట్టింగ్ పెడితే చాలావరకు తగ్గుతాది, విండోస్‌లోనే ఉండే వాళ్లు ఆ పని ఈరోజే చేయండి. మింట్‌లో అప్‌డేట్ వచ్చిందని మూలన చూపిస్తాది, మనం ఎప్పుడు నొక్కితే అప్పుడు. అయితే అది డేటా తినదని అనుకోవద్దు. కొత్తగా ఎక్కించినాక మొదటి అప్‌డేట్ బాగానే లాగుతాది, యూనివర్సిటీ వైఫై దొరికినప్పుడు పెట్టుకోండి.

స్పీడ్ గురించి ఒక నిజం. పాత లాప్‌టాప్ నత్త మాదిరి ఉండేదానికి సగం కారణం హార్డ్ డిస్క్. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్ కూడా లేచి పరిగెత్తుతాది. 4 జీబీ ర్యామ్ మిషన్‌లో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటు లాంటి తేలికైనవి హాయిగా నడుస్తాయి, కానీ క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే ఏ లినక్స్ కూడా కాపాడదు.

ఇక లినక్స్‌లో ఏడిపించేవి. కొన్ని వైఫై చిప్పులకు మొదట్లో డ్రైవర్ ఉండదు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తాది, డ్రైవర్ దింపుకోవచ్చు. కొన్ని ప్రింటర్లు సులువుగా మాట వినవు, మన జిరాక్స్ అంగళ్లలో ఉండే చిన్న లేజర్ ప్రింటర్లలోనే అట్లాంటివి ఉన్నాయి. పీడీఎఫ్ చేసుకుని పోవడమే మేలు. లిబ్రే ఆఫీస్‌లో చేసిన రెజ్యూమె వర్డ్‌లో తెరిస్తే గీతలు, ఖాళీలు అటూఇటూ జరుగుతాయి, దానికి కూడా పీడీఎఫే మందు. బీకాం వాళ్లకి ట్యాలీ, సివిల్, మెకానికల్ వాళ్లకి ఆటోక్యాడ్ కావాల, అవి లినక్స్‌కి రావు. కెమెరా పెట్టి రాయించే కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ కూడా విండోస్‌లోనే తెరుచుకుంటాది, ప్లేస్‌మెంట్ టైములో ఇది గట్టిగా తగులుతాది. వాలొరెంట్ ఆడేవాళ్లు ఈ పోస్టు ఇక్కడే ఆపేయొచ్చు.

డీటీపీ సంగతి వేరుగా చెప్పాల, ఎందుకంటే మనోళ్లు చానామంది డీటీపీ సెంటర్లలో పని చేస్తా చదువుకుంటా ఉన్నారు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ అను ఫాంట్లలోనే. అవి యూనికోడ్ కాదు, విండోస్ కోసమే తయారైనవి. అక్కడ లినక్స్ కథలు చెప్తే ఓనర్ నవ్వుతాడు. కానీ అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్‌ని వాట్సాప్‌లో పెట్టి చూడండి, పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్‌లో వెతికినా దొరకదు. కూలి కోసం అను నేర్చుకోండి, మన సొంత రాతలు మాత్రం యూనికోడ్‌లోనే కొట్టండి. లినక్స్‌లో తెలుగు కోసం ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే కాదు, డీటీపీ వాళ్ల చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక కూడా ఐబస్‌లో పెట్టుకోవచ్చు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది. మండలి, గిడుగు లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వాళ్లు మెనూలతో సహా తెలుగులో కనపడే లినక్స్‌ని ఎన్నో ఏళ్ల కిందటే తయారుచేశారు. పిల్లలకోసం బాల స్వేచ్ఛ అని కూడా తెచ్చారు.

గిడుగు ఫాంట్ అన్నాను కదా, ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. గిడుగు రామమూర్తి పంతులు గారంటే బళ్లో వాడుక భాష ఉద్యమం అని చెప్తారు. ఆయన శ్రీకాకుళం వైపు సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం రాశాడని మాత్రం గట్టిగా చెప్పరు. మన భాషలు రాతలోకి ఎక్కేదానికి ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుబట్టి కూర్చోవాల్సి వచ్చింది. ఆదిలాబాద్‌లో గుంజాల అనే గోండు ఊర్లో దొరికిన పాత చేతిరాత పుస్తకాల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి నోటో ఫాంటు ఉంది, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. లిబ్రే ఆఫీస్‌ని సంతాలీ భాషలోకి కూడా తెచ్చారు. కోట్లమంది మాట్లాడే భాష అయితే కంపెనీలే వెంటపడతాయి. మా ఎరుకల మాట, మీ గోర్‌బోలి కోసం ఏ కంపెనీ రాదు. ఇక్కడ తలుపు తెరిచి ఉంది కాబట్టి మనమే పొయ్యి చేసుకోవచ్చు. ఒక కీబోర్డు అమరిక, ఒక స్పెల్లింగ్ పదాల లిస్టు, ఇవి పీహెచ్‌డీ పనులేం కాదు, ఎమ్మే తెలుగు చదివే ఒక అక్క, బీటెక్ చదివే ఒక తమ్ముడు కలిస్తే అయ్యేవే. ద్రావిడ విశ్వవిద్యాలయం మన కుప్పంలోనే ఉంది, అక్కడ చదివే వాళ్లు ఆలోచించండి.

"ఉద్యోగం విండోస్‌లోనే కదన్నా" అంటారు. అవును. సర్కారు ఆఫీసుల్లో, ఆసుపత్రి కౌంటర్లలో, బడుల్లో ఎక్కువగా అదే. కంప్యూటర్ పరీక్షల్లో వర్డ్, ఎక్సెల్ అడుగుతారు. అందుకే విండోస్ వదిలేయమని నేను అనను. కాలేజీ ల్యాబ్ ఉంది, సెంటర్ ఉంది, అక్కడ కూర్చుని ఎక్సెల్ ఫార్ములాలు గట్టిగా నేర్చుకోండి. కేరళ సర్కారు బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలకి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్పిస్తా ఉన్నారు, ఆ పిల్లలు విండోస్ ఉద్యోగాలకు పనికిరాకుండా పోలేదు కదా. అక్కడ సర్కారు ఆ దారి పట్టింది, ఇక్కడ హాస్టల్ స్థాయిలో మనమే పట్టాల. అట్లా సర్కారే చేయాలని ఎదురుచూడటం కూడా మంచిది కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో ఆఫీసులన్నీ లినక్స్‌కి మార్చాలని నిర్ణయించి, ఏళ్లకు ఏళ్లు కష్టపడి మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని తీర్మానం చేసింది. పై నుంచి వచ్చింది పై నుంచే పోతాది.

బీసీఏ, ఎంసీఏ, బీటెక్ సీఎస్‌ఈ వాళ్లకి నేను చెప్పేది ఇంకా గట్టిగా ఉంటాది. మీరు రాసే ప్రోగ్రామ్ రేపు నడిచేది చాలావరకు లినక్స్ సర్వర్ మీదే. ఇంట్లో కంప్యూటర్ ఉండి ఏడో తరగతి నుంచి నేర్చుకున్న పిల్లలతో మీరు పోటీ పడతా ఉన్నారు. వాళ్లని దాటే చోటు ఏదైనా ఉందంటే అది ఇదే, ఎందుకంటే వాళ్లు కూడా చాలామంది టెర్మినల్ చూసి భయపడతారు.

చేసే పద్ధతి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, 4 జీబీది చిన్నబడొచ్చు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. 22వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచే స్టార్ట్ చేస్తే, మీ హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే లినక్స్ తెరుచుకుంటాది, దాన్ని లైవ్ అంటారు. ఒక వారం అట్లానే వాడండి. నచ్చితేనే ఎక్కించండి, అది కూడా ఫైళ్లన్నీ ఇంకోచోట దాచుకున్నాకనే. విండోస్ 11 ఒరిజినల్ ఉండే కొత్త లాప్‌టాప్ వాళ్లు పక్కపక్కన రెండూ పెట్టుకోవాలంటే బిట్‌లాకర్ రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, లేకుంటే విండోస్ తాళం పడి కూర్చుంటాది.

లైవ్‌లో పెట్టి చూసిన వాళ్లు మీ లాప్‌టాప్ మోడల్ నంబర్, ర్యామ్, వైఫై వచ్చిందా, సౌండ్ వచ్చిందా, కెమెరా వచ్చిందా, ఈ ఐదూ ఈ పోస్టు కిందనే రాయండి. రిచ్చీ స్ట్రీట్‌లోనూ ఎస్పీ రోడ్డులోనూ మనోళ్లు ఎక్కువగా కొనే మోడళ్లు పదో పదిహేనో ఉంటాయి. వాటి లిస్టు నేను తయారుచేసి పెడతా. వచ్చే ఏడాది చేరే పిలకాయలు కొనకముందే చూసుకుంటారు.